పాత లాన్ ట్రాక్టర్ కొంటున్నారా? "బ్యాటరీ ఒక్కటే వీక్" అంటే జాగ్రత్త

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు సెకండ్ హ్యాండ్ రైడింగ్ మోవర్ల (కూర్చుని నడిపే గడ్డి కోత బండ్ల) దగ్గర తరచూ దెబ్బతింటున్నది ఇక్కడే. కీ తిప్పితే ఇంజన్ సగం చుట్టు తిరిగి, గోడకు గుద్దుకున్నట్టు ఆగిందా? బ్యాటరీ కంటే ముందు వాల్వులను అనుమానించండి.

సింగిల్ సిలిండర్ ఇంజన్లో స్టార్టింగ్‌కి కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) కాస్త వదలడానికి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) మీద చిన్న రిలీజ్ మీట ఉంటుంది. అది ఒక వాల్వును వెంట్రుకవాసి లేపుతుంది, అంతే. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు కొనకీ దాన్ని నొక్కే రాకర్ అనే చేతికీ మధ్య సందు, పెరిగితే ఆ కాస్త లేపడమూ గ్యాప్‌లోనే పోతుంది, స్టార్టర్ మొరాయిస్తుంది. నడుస్తున్న కారు నుంచి జంప్ ఇస్తే ఒక్కోసారి నెట్టేస్తుంది. అమ్మేవాళ్ల కిటుకు అదే. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే చల్లారనివ్వండి. ఫుల్ చార్జి బ్యాటరీ మీరే పట్టుకెళ్లండి.

వాల్వ్ కవర్ తీయనివ్వకపోతే బేరం వద్దు. అంచుల్లో కొత్త సీలెంట్ పొంగి ఉంటే ఎవరో ఈమధ్యే విప్పారన్నమాట. ప్లగ్ వైరు పీకి, ప్లగ్ తీసి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ రాకర్లు చూడండి. ఇన్‌టేక్ వాల్వుది, ఎగ్జాస్ట్ వాల్వుది రెండూ దాదాపు సమానంగా దిగాలి. ఒకటి బాగా తక్కువ దిగితే పుష్‌రాడ్ (క్యామ్ నుంచి రాకర్‌ను నెట్టే కడ్డీ) వంగిందో, క్యామ్ అరిగిందో. రాడ్‌ను గాజు పలక మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. వంగిన రాడ్ ఒక్కటే మార్చి అమ్మేస్తారు. అసలు రోగం వేరు: ఇంజన్ని చల్లబరిచే ఫిన్నుల్లో గడ్డి, ఎలుక గూళ్లు నిండి హెడ్ కాగి, వాల్వ్ గైడ్ (వాల్వు కదిలే గొట్టం) జారి ఉంటుంది. అది సరిచేయకపోతే కొత్త రాడ్డూ వంగుతుంది.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంటెక్ సింగిల్ సిలిండర్ ఇంజన్ అయితే చల్లటి ఇంజన్లో, కంప్రెషన్ స్ట్రోక్ మీద పిస్టన్ పైకొచ్చి పావు అంగుళం దిగాక, ఫీలర్ గేజ్‌తో (పల్చటి కొలత రేకులతో) ట్యాపెట్ గ్యాప్ కొలవాలి. ఇన్‌టేక్ 0.003–0.005 అంగుళం, ఎగ్జాస్ట్ 0.005–0.007. సరిగ్గా పైన కొలిస్తే రిలీజ్ మీట అడ్డొచ్చి లెక్క తప్పుతుంది.

గ్యాప్ ఎక్కువుంటే భయం లేదు, అరగంట పని. గ్యాప్ సరిగా ఉండీ, కంప్రెషన్ స్ట్రోక్‌లో ఏ రాకరూ చిన్నగా కూడా ఎగరకపోతే మీట విరిగినట్టే. దానికి ఇంజన్ దించి, సంప్ (అడుగున ఆయిల్ ఉండే మూత) విప్పి, క్యామ్‌షాఫ్ట్ మార్చాలి. ఆ బండి ఉచితంగా ఇస్తేనే ఆలోచించండి. క్యామ్‌షాఫ్ట్ ఆర్డర్ చేసేటప్పుడు హార్స్‌పవర్ చెబితే సరిపోదు. ఇంజన్ మీద కొట్టిన మోడల్, టైప్, కోడ్ మూడు నంబర్లూ ఇవ్వాలి.