కోలార్ బంగారు గనులా, కుద్రేముఖా?
బెంగళూరు నుంచి కారులో వెళ్లి మూతపడిన గనుల ఊరును చూడాలనుకునే తెలుగు కుటుంబాలకు రెండు దారులున్నాయి. కోలార్ బంగారు గనులు సుమారు 100 కిలోమీటర్ల దూరమే కనుక సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. 2001లో మూతపడిన ఆ గనుల్లో కొన్ని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. పైన మిగిలినవి మాత్రం సయనైడ్‌తో బంగారం తీసేయగా పోగుపడిన మట్టిదిబ్బలే. దారిలో అడవి లేదు.

పడమటి కనుమల్లోని కుద్రేముఖ్‌కు రెండు రోజులైనా కేటాయించాలి. కళస అనే ఊరు దాటాక లోయల్లో షోలా అని పిలిచే చిక్కని అడవి, దానిపైన గడ్డి కప్పుకున్న కొండలు, వాటి నడుమ మలుపులు తిరిగే రోడ్డు. ఇక్కడి ఇనుప ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, గొట్టాల ద్వారా మంగళూరుకు పంపేవారు. మిగిలిన వ్యర్థాన్ని లక్యా ఆనకట్ట వెనుక నిలిపారు. సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివర తవ్వకం ఆగింది, ఉద్యోగుల కాలనీ చాలావరకు ఖాళీ అయింది.

తుంగ, భద్ర పుట్టేది ఈ కొండల్లోనే, గంగామూల దగ్గర. ఆ నీరే తుంగభద్రగా కర్నూలు చేరుతుంది కనుక, ఈ అడవి నిలవడం మనకూ అవసరమే. అందుకే దూరమైనా నా ఓటు కుద్రేముఖ్‌కే. జోరువానల్లో పొగమంచు దారిని కమ్మేస్తుంది కాబట్టి అక్టోబరు తర్వాత, పగటివేళ వెళ్లడం మేలు.