రీపెయింట్ చేయించిన కారుకి పేస్ట్ వాక్స్: రెండున్నరేళ్ళు వాడాక

మా కారు ముదురు నీలం. హైదరాబాద్ నాచారంలో బిల్డింగు ముందు పదేళ్ళు ఎండలోనే నిలబడింది. 2023 వచ్చేసరికి బానెట్ మీదా పైకప్పు మీదా క్లియర్ కోట్, అంటే రంగు పైన వేసే పారదర్శకమైన పొర, పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. అమ్మితే ఎంతొస్తుందో కనుక్కున్నాను. ఆ అంకె విన్నాక పెయింట్ వేయించుకోవడమే నయమనిపించింది. ఫిబ్రవరిలో ఒక చిన్న షెడ్డులో బండి మొత్తానికి వేయించాను, 38,000 అయింది. దాన్ని కాపాడుకుందామని కొన్నదే ఈ 230 గ్రాముల కార్నాబా పేస్ట్ వాక్స్ డబ్బా, అంటే పెయింట్ మీద పల్చగా పూసే మైనం. బ్రాండు పేరు రాయను, రాస్తే ప్రకటన అనుకుంటారు.

డబ్బా కొన్నానే గానీ రెండున్నర నెలలు మూత తియ్యలేదు. బండి అప్పగించేటప్పుడే మిస్త్రీ చెప్పాడు: "రెండు నెల్లు ఏం రాయకున్రి సార్. వాక్స్ వద్దు, పాలిష్ వద్దు. ఉత్త నీళ్ళతోని కడుగున్రి."

కంపెనీలో అయితే వైర్లు, సీట్లు, ప్లాస్టిక్ ఇంకా బిగించకముందే ఉత్త బాడీకి రంగు వేసి 140 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు. అందుకే షోరూమ్ నుంచి తెచ్చిన బండికి మర్నాడే వాక్స్ పెట్టినా ఇబ్బంది లేదు. తయారైన బండిని అంత వేడిలో పెట్టలేం కదా. రంగు వేసే మూసిన గది (బూత్) ఉన్నచోట 60 డిగ్రీల్లో అరగంట పెడతారు, షెడ్డులో అయితే గాలికి ఆరాల్సిందే. పైపైన గట్టిపడినా లోపలి థిన్నర్ వారాల తరబడి మెల్లగా బయటికొస్తూనే ఉంటుంది. అలాంటి దాని మీద మైనం పూయడమంటే ఆవిరి పోతున్న గిన్నె మీద మూత పెట్టడమే. మా బండిని మూడో వారంలో కూడా మధ్యాహ్నం ఎండలో నిలిపితే దగ్గరికెళ్ళినవాళ్ళకి వాసన కొట్టేది. ఆ వాసన పూర్తిగా పోయాక ఇంకో నెల ఆగాను. అన్నాళ్ళూ కవర్ కూడా కప్పలేదు.

ఈ ఆగే రోజుల్లోనే ఒక మచ్చ పడింది. పెయింటయిన నాలుగో రోజు అమ్మ బండికి పూజ చేయించాలంది. ఆంజనేయస్వామి గుడి దగ్గర నూనెలో కలిపిన సిందూరంతో బానెట్ మీద స్వస్తిక్ వేయించుకున్నాం. కనీసం మూడ్రోజులన్నా ఉండనీ అంది అమ్మ, ఉంచాను, అదీ ఎండలో. తడిగుడ్డతో తుడిస్తే రంగు పోయింది, ఆకారం పోలేదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇవాళ్టికీ అక్కడ మసకగా నాలుగు కొమ్ములు కనిపిస్తాయి. తప్పు సిందూరానిది కాదు, పచ్చి పెయింట్ మీద దాన్ని ఎండబెట్టిన నాది. 2024 దసరాకి అదే బానెట్ మీద అమ్మ పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. అప్పటికి తొమ్మిదిసార్లు వాక్స్ పెట్టి ఉన్నాను. మర్నాడు తడిగుడ్డ ఒక్కసారి తిప్పితే జాడ లేదు. ఆపాటికి పెయింట్ కూడా బాగా గట్టిపడింది కాబట్టి ఆ గొప్పంతా వాక్స్‌దే అనలేను.

మొదటిసారి పెట్టింది ఏప్రిల్ చివరి ఆదివారం, పొద్దున పదింటికి, ఎండలో. అంతకంటే తెలివితక్కువ ముహూర్తం ఉండదు. కార్నాబా అంటే బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అంత మొండిది. అది వేలికి మెత్తగా తగిలేలా డబ్బాలో సాల్వెంట్, అంటే మైనాన్ని కరిగించే ద్రవం, కలుపుతారు. కాలుతున్న రేకు మీద ఆ సాల్వెంట్ క్షణాల్లో ఎగిరిపోయి మైనం ఒక్కటే కరుచుకుంటుంది. బానెట్ అంతా పూసి, గుడ్డ మార్చుకుని చూసేసరికి సున్నం కొట్టిన గోడలా ఉంది. ఎంత రుద్దినా రాదు. చివరికి బండిని సెల్లార్లోకి దింపి, చల్లారాక, ఎండిన దాని మీదే మళ్ళీ పల్చగా వాక్స్ పూసి వెంటనే తుడిస్తే పాతది కూడా కదిలింది. మధ్యాహ్నం రెండయింది.

అప్పట్నుంచీ పొద్దున ఆరున్నరకే, నీడలో, ఒక్కో డోరు చొప్పున చేస్తున్నాను. ఎంత పూయాలన్నది మా అమ్మని చూసి నేర్చుకున్నా: దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దుతారే, అంతే. కంటికి కనిపించేంత పూశామంటే ఎక్కువైనట్టే. మంచు పట్టిన అద్దంలా మసకబారాక వేలితో గీస్తాను. గీత శుభ్రంగా పడిందా, తుడిచెయ్యొచ్చు. వేలి కింద జిగురుగా సాగిందా, ఇంకాసేపు ఆగాలి. నల్ల ప్లాస్టిక్ అంచులకి అంటితే మాత్రం తెల్ల మరకలు పడి ప్రాణం తీస్తుంది. అక్కడ ముందే టేపు వేసుకోవాలి.

ఇక ఫలితం. నీలం రంగుకి లోతు వస్తుంది, నిజమే. రెండ్రోజులు ముచ్చటగా ఉంటుంది, మూడో రోజుకి ఉప్పల్ దుమ్ము వచ్చి కూర్చుంటుంది. మెరుపు కోసమే అయితే ఈ శ్రమ దండగ. నాకు నచ్చింది కడగడం తేలికవడం: దుమ్ము పట్టుకుని వేలాడదు, నీళ్ళు కొడితే దిగిపోతుంది. వానాకాలంలో బానెట్ మీద చినుకులు తామరాకు మీద నీటిబొట్లలా జారుతుంటాయి. అవి ముత్యాల్లా నిలవడం మానేసి పల్చగా పరుచుకున్నాయంటే వాక్స్ అయిపోయిందని గుర్తు. డబ్బా మీద మూడు నెలలని ఉంది. చలికాలంలో నాకు రెండు నెలల పైన వచ్చింది, మే నెలలో ఐదారు వారాలే.

పావురాల రెట్టకి ఇది మందు కాదు. కాస్త వ్యవధి ఇస్తుందంతే. ఎండలో గంటల తరబడి వదిలేస్తే వాక్స్ ఉన్నా మచ్చ పడుతుంది. డోర్ పాకెట్లో నీళ్ళ సీసా, ఒక మైక్రోఫైబర్ గుడ్డ ఎప్పుడూ ఉంచుతాను. ముందు నీళ్ళు పోసి నానబెట్టి, అప్పుడు ఎత్తెయ్యాలి. పొడిగా రుద్దితే గీతలే.

గీతలంటే గుర్తొచ్చింది. ఏ వాక్సూ ఆపలేనిది వాచ్‌మన్ గుడ్డ. ఒకే బకెట్టు, ఒకే బనీను ముక్క, పది బండ్లు. మూడు నెలలకి డోర్ల మీద సాలెగూడులా సన్నటి గీతలు తేలాయి. "కడగొద్దులే, నీ డబ్బులు నీకిస్తా" అంటే పాపం అతను నొచ్చుకున్నాడు. ఇప్పుడు రాణిగంజ్‌లో కొన్న గుడ్డలతో నేనే కడుక్కుంటున్నా, షాంపూకి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. గిన్నెలు తోమే సబ్బు వాడితే మురికితో పాటు వాక్స్ కూడా పోతుంది.

నీళ్ళు ఇంకో తలనొప్పి. మా బోరు నీళ్ళు బండి మీద ఆరితే తెల్లటి చుక్కలు తేలతాయి, అది సున్నం. సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి అద్ది, వెంటనే కడిగేస్తే పోతాయి గానీ దాంతో అక్కడి వాక్స్ కూడా తగ్గుతుంది. అందుకని చివరి బకెట్టు మాత్రం మంజీరా నీళ్ళు, అదీ నల్లా వచ్చిన రోజు. మా ఆవిడ చూడనప్పుడు.

ఒక హెచ్చరిక. పోయిన ఏడాది ఆటో గీరుకుని బంపర్‌కి మళ్ళీ రంగు వేయించాల్సొచ్చింది. వాక్స్ పెట్టానని ఆ పెయింటర్‌కి చెప్పడం మర్చిపోయాను. టైర్ పాలిష్ కూడా తగిలి ఉంటుంది. వేసిన రంగు చిన్నచిన్న గుంటలుగా చీలింది, వాళ్ళ భాషలో ఫిష్ ఐ. అలాంటి వాటిలో ఉండే సిలికాన్ అంటినచోట రంగు పట్టదట. అంతా గీకి, మైనం, జిడ్డు తీసే రిమూవర్‌తో తుడిచి మళ్ళీ వేశాడు, రెండోసారి డబ్బులూ నావే.

650 పెట్టిన డబ్బా ఇంకా అయిపోలేదు. మధ్యలో అడుగు రేకు కనిపిస్తోంది, అంచుల్లో మూడోవంతు ఉంది. అయిపోయాక డోర్లకి మళ్ళీ ఇదే తెస్తాను. పైకప్పుకి మాత్రం ఈ ఎండాకాలం మైనం బదులు సింథటిక్ సీలెంట్ అనే కృత్రిమ పూత పెట్టి చూడాలి, స్టూలెక్కి ఐదు వారాలకోసారి రుద్దడం నా నడుముతో ఇక కాదు.