పాము మేత: తలకోన, మామండూరు, చెరువు మొరవ

పామును చూడటం వేరు, పాము తినడం చూడటం వేరు. మొదటిదానికి అదృష్టం చాలు. రెండోదానికి కప్పలూ తొండలూ ఎలుకలూ ఎక్కడ, ఏ వేళకు తిరుగుతాయో తెలియాలి. తిరుపతిలో దిగినవాళ్లు ఈ పని మీద నేరుగా తలకోన బండి ఎక్కేస్తారు. నిజానికి ఎక్కువ దొరికేది ఊరి చెరువుల దగ్గరే.

అయినా తలకోన వృథా కాదు. భాకరాపేట మీదుగా అరవై కిలోమీటర్ల లోపే. సెలవు రోజుల్లో జలపాతం దగ్గర జాతరే కాబట్టి వారం మధ్యలో వెళ్లాలి, ఉదయం తొమ్మిదిలోపు దారి పక్క పొదల్ని కంటి ఎత్తులో వెతకాలి. అక్కడ చూడదగ్గది పసిరిక పాము. దాని కంటిపాప అడ్డంగా ఉంటుంది, రెండు కళ్లూ ముందుకే చూస్తాయి, అందుకే దూరం అంచనా తప్పదు. గాలికి తీగ ఊగినట్టు ఊగుతూ తొండకు దగ్గరవుతుంది, మెడ పట్టి గాల్లోకి ఎత్తేస్తుంది. విషపు కోరలు నోటి వెనక భాగంలో ఉండటంతో కరిచి వదలదు. దవడ కదుపుతూ అలాగే పట్టుకుని, తొండ కదలిక ఆగాక తల వైపు నుంచి మింగుతుంది. శ్రీలంకలోనే ఉందనుకున్న ఒక ఎగిరే పాము జాతి శేషాచలంలోనూ ఉన్నట్టు 2015లో నమోదైంది. దాని మీద ఆశతో కొమ్మలకేసి చూస్తూ నడిస్తే కాళ్ల దగ్గరున్న పింజర కనపడదు.

కడప దారిలోని మామండూరు ప్రశాంతంగా ఉంటుంది, అడవి బంగళాకు ముందే అనుమతి తీసుకోవాలి. ఎర్రచందనం ఉన్న అడవి కాబట్టి వేళకాని వేళ టార్చితో తిరిగేవాళ్లను సిబ్బంది అనుమానించడం సహజం. రాళ్లు ఎత్తి చూడటం ఇక్కడ పెద్ద పొరపాటు. ఇసుక పింజర రాళ్ల కిందే పడుకుంటుంది, తేళ్లనూ జెర్రులనూ తింటుంది. చేయి పెట్టినవాడికి ముందు ఏది తగులుతుందో చెప్పలేం.

ఇక చెరువులు. రాయలచెరువు పెద్దది, అంచు పొడవునా తిరగలేం. చంద్రగిరి చుట్టుపక్కల చిన్న చెరువులు మేలు. ఇక్కడ అసలు వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో. చెరువు మొరవ పోతున్నప్పుడు, అంటే నిండి అలుగు పారుతున్నప్పుడు, కిందికి పారే పలుచటి నీళ్లలో చేపపిల్లలూ కప్పలూ పోగవుతాయి, వాటి కోసం నీరుకట్టెలు వస్తాయి. సాయంత్రం నాలుగున్నరకు గట్టు మీద, నీటికి అయిదారు మీటర్ల దూరంలో, నీడ నీళ్ల మీద పడకుండా నిలబడితే చాలు. కంటికన్నా చెవికే ముందు తెలుస్తుంది: పాము పట్టిన కప్ప మామూలు బెకబెక కాదు, పసిపిల్ల ఏడ్చినట్టు సాగదీసి అరుస్తుంది.

నీరుకట్టెకు చుట్టి చంపడం లేదు, మనిషికి ముప్పు తెచ్చే విషమూ లేదు. కప్పను బతికుండగానే, చాలాసార్లు వెనక కాళ్ల వైపు నుంచే మింగుతుంది. కప్ప ఒళ్లు ఉబ్బించుకుంటే అక్కడ చాలాసేపు ఆగుతుంది. బైనాక్యులర్ ఉంటే అప్పుడే దవడ పని చూడాలి. దవడ ఊడిపోతుందని అందరూ అనేది తప్పు. కింది దవడ రెండు ముక్కల్నీ ముందు సాగే కండరమూ లిగమెంటూ (ఎముకల్ని కలిపే పట్టీ) కలిపి ఉంచుతాయి. కుడి పక్క పళ్లు పట్టి ఉంచితే ఎడమ పక్క ముందుకు జరుగుతుంది, తర్వాత ఇది పడితే అది జరుగుతుంది. కప్ప మీద పాము తల నడుచుకుంటూ పోయినట్టుంటుంది. నోరు నిండినప్పుడు ఊపిరి గొట్టం కొన కింది పెదవి మీదుగా బయటికి వస్తుంది. మింగాక రెండు మూడుసార్లు ఆవలిస్తుంది, అది దవడ సర్దుకోవడం. ఇంతలో ఫోను పట్టుకుని దగ్గరికి పోతే పట్టింది కక్కేసి పారిపోతుంది. బరువు దించుకుంటేనే పరుగు.

ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య వరి మడి గెనేల (గట్ల) మీద జెర్రిపోతు తిరుగుతుంది. ఎలుకను ఒంటితో నేలకు అదిమి పట్టి మింగేస్తుంది. అదే గెనెం కన్నాల్లో నాగుపామూ ఉంటుంది. రక్తపింజర లెక్క వేరు: ఒక్క కాటు వేసి ఎలుకను వదిలేస్తుంది, లేకుంటే ఎలుక తిరిగి కరుస్తుంది. గురి తప్పిందనుకుని వెళ్లిపోకండి. కాసేపటికి నాలుక ఆడిస్తూ వాసన పట్టుకుని ఎలుక పడిన చోటికి వస్తుంది. ఎండుగడ్డిలో కూర్చోవద్దనేది కూడా దీని వల్లే.

కన్నాన్ని చూసి ఎలుకదో పాముదో చెప్పగల యానాది పెద్దలు ఈ పల్లెల్లో ఉన్నారు, వాళ్లకు రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లడం మంచి ఖర్చు. "పట్టి చూపిస్తా సార్, ఎలుకను కూడా వేస్తా" అనేవాడికి మాత్రం నమస్కారం పెట్టేయండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం. పైగా భయపడిన పాము తినదు. నాగుల చవితికి పుట్టలో పోసిన పాలదీ అదే కథ, పాము వాటిని ఆహారంగా తీసుకోదు.

బసకు చంద్రగిరి వైపు గది చూసుకుంటే చెరువులు దగ్గర. తిరుపతి ఊళ్లో పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో గది దొరకడమే కష్టం, దొరికినా రేటు రెట్టింపు. తలకోన కాటేజీలో ఉంటే వరండా లైటు కింద బల్లుల కోసం వచ్చే పామును గమనించవచ్చు, కానీ కట్లపాముతో పొరబడే జాతి అది. కట్లపాముకు తెల్ల గీతలు సన్నగా, జంటలుగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. బల్లులు తినేదానికి పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. తేడా తెలిసినా చేయి పెట్టేది లేదు. నేల మీద పడుకోవద్దు, మంచం లేని గది వద్దనండి.

కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, తలకోన నుంచి ఘాట్ దారిలో గంటకు పైనే పడుతుంది. కాబట్టి అక్కడ సిగ్నల్ ఎక్కడ అందుతుందో దిగిన వెంటనే చూసి పెట్టుకోండి, బండిని ముఖం రోడ్డు వైపు తిప్పి ఆపండి.