పీసీవీ వాల్వ్ పరీక్ష: ఊపి చూడటమా, కాగితమా, స్కానరా, నీళ్ల గొట్టమా? ఏది మేలు?

కారు ఆయిల్ తాగుతోంది, ట్యాపెట్ కవర్ అంచున ఆయిల్ చెమ్మ, ఐడిలింగ్ నిలకడగా లేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే షెడ్డులో తరచూ వినిపించే మాట "ఇంజిన్ బోరుకొచ్చింది" అని, అంటే సిలిండర్లు, రింగులు అరిగాయని. ఇంజిన్ దింపేముందు పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్ చూడాలి. పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్ కేసులోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) దిగే గ్యాసును తిరిగి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలకి) పంపేది అదే. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది, డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) పైకి లేస్తుంది. తెరుచుకుని ఇరుక్కుంటే ఐడిలింగ్ పెరుగుతుంది, ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లోకి పోయి తగలబడుతుంది. ఈ రెండింటినీ ఒకేలా పట్టే పరీక్ష దాదాపు లేదు.

అందరికీ తెలిసింది వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపడం. గలగలలాడితే మంచిదంటారు. నిజానికి ఆ చప్పుడు లోపలి ప్లంజర్ (స్ప్రింగు మీద ఆడే చిన్న ముక్క) కదులుతోందని మాత్రమే చెబుతుంది. స్ప్రింగు బలం తగ్గిందా, ప్లంజర్ అరిగిందా అన్నది తెలియదు. చప్పుడు రాకపోతే మాత్రం ఆ వాల్వ్ పారేయొచ్చు, అదీ ప్లంజర్ రకమైతేనే. రబ్బరు డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉండే రకం కొత్తదైనా మోగదు.

కాగితం పరీక్ష దీనికంటే మెరుగు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వచ్చే బ్రీదర్ పైపు తీసి, ట్యాపెట్ కవర్ మీది ఆ రంధ్రాన్ని మూయాలి. ఆయిల్ క్యాప్ తీసి దాని నోటి మీద పల్చటి కాగితం పెట్టి, ఐడిలింగ్‌లో ఓ నిమిషం ఆగాలి. కాగితం అతుక్కుంటే పీల్పు ఉన్నట్టే. ఎగిరిపడితే వాల్వ్ గానీ దాని పైపు గానీ పూడింది, లేదా రింగులు అరిగాయి. పీల్పు ఎంతన్నది మాత్రం కాగితం చెప్పదు.

వాల్వ్ నోటిని వేలితో మూసి ఆర్‌పీఎం పడిపోతుందేమో చూడటం కార్బ్యురేటర్ బళ్లకు బాగా పనికొచ్చింది. ఇప్పటి ఇంజిన్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఆ తేడాను క్షణాల్లో సర్దేస్తుంది.

స్కానర్ మీద నమ్మకం ఎక్కువైంది గనుక దాని దగ్గర కాస్త ఆగుదాం. పీ0171 కోడ్ (గాలికి తగినంత ఇంధనం లేదని) వచ్చింది, ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ కొంతకాలంగా ఇంధనంలో చేస్తున్న సర్దుబాటు) 15 శాతం పైన ఉంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగుతోంది. గాలి ఎక్కడో దొంగతనంగా దూరుతోందని అర్థం. పీసీవీ పైపును ప్లయర్‌తో మెల్లగా నొక్కినప్పుడు షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు) పడిపోతే లీకు ఆ దారిలోనే ఉంది. మెలిక ఏమిటంటే, బ్రీదర్ పైపు గాలి తీసుకునేది ఎయిర్ ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) దాటాకే. పైపులన్నీ బాగుండి ప్లంజర్ మాత్రమే తెరుచుకుని ఇరుక్కుంటే, లోపలికి వెళ్లేది లెక్కలో ఉన్న గాలే. కోడ్ రాదు. చిరిగిన డయాఫ్రమ్, పగిలిన పైపు, గట్టిపడిన ఆయిల్ క్యాప్ రబ్బరు ఉంటేనే స్కానర్ అరుస్తుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ బదులు మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది) ఉన్న బళ్లలో అదీ అనుమానమే. ట్రిమ్ మామూలుగానే ఉండి ఐడిలింగ్ పెరగొచ్చు. మూసుకుపోయిన వాల్వ్‌నైతే స్కానర్ నేరుగా చూపించలేదు.

స్మోక్ మెషీన్ (పైపుల్లోకి పొగ పంపి లీకులు పట్టేది) పగుళ్లను చక్కగా చూపిస్తుంది, వాల్వ్ పనితీరును కాదు.

వీటన్నిటిలో ముందు పట్టుకోవాల్సింది నీళ్ల గొట్టం. రెండున్నర మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, ఒక మీటరు ఎత్తున్న చెక్కకు యూ ఆకారంలో బిగించి, కింది 30 సెంటీమీటర్ల మేర రంగు కలిపిన నీళ్లు నింపాలి. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాత గొట్టం ఒక కొనను డిప్ స్టిక్ గొట్టానికి గాలి చొరకుండా తగిలించాలి. నీళ్లు గబగబా పైకి పోతుంటే వెంటనే పీకేయాలి, లేకపోతే ఇంజిన్‌లోకి వెళ్తాయి. కొన్ని ఇంజిన్లలో డిప్ స్టిక్ గొట్టం కొస ఆయిల్‌లో మునిగి ఉంటుంది. అక్కడ రీడింగ్ తప్పు వస్తుంది గనుక పాత ఆయిల్ క్యాప్‌కి రంధ్రం చేసి వాడాలి.

ఇంజిన్ వైపు నీళ్లు పైకి లేస్తే లోపల పీల్పు ఉంది, కిందికి దిగితే ఒత్తిడి ఉంది. రెండు వైపుల ఎత్తుల తేడాయే రీడింగ్. ఒక సెంటీమీటరు దాదాపు ఒక మిల్లీబార్. బ్రీదర్ పైపు ఉన్న మామూలు ఇంజిన్‌లో కొద్ది సెంటీమీటర్ల పీల్పు చాలు. బీఎండబ్ల్యూ ఎం54 లాంటి డయాఫ్రమ్ ఇంజిన్‌లో 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. అక్కడ 30 దాటితే డయాఫ్రమ్ చిరిగిందని అనుమానించాలి. ఆయిల్ క్యాప్ లాగినా రాకపోవడం, ఈల చప్పుడు వస్తూ డిప్ స్టిక్ లాగగానే ఆగిపోవడం కూడా ఆ జబ్బు గుర్తులే. అవి ఉంటే గొట్టం అక్కర్లేదు.

ఒత్తిడి చూపిస్తే వాల్వ్ వైపు పైపు ఊడదీసి వేలు పెట్టండి. మానిఫోల్డ్ పీల్పు అక్కడికి రాకపోతే పైపో, మానిఫోల్డ్ రంధ్రమో మడ్డితో పూడింది. పీల్పు వస్తుంటే వాల్వ్ మార్చి మళ్లీ కొలవాలి. అప్పటికీ నీళ్లు ఒత్తిడి వైపే ఉంటే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి అది ఎటు పోతోందో చూడటం) చేయాలి. ఆయిల్ క్యాప్ నోట్లోంచి బుస్సుమని గాలి వస్తే రింగుల పనే, బోరు మాట అప్పుడు ఎత్తొచ్చు.

కెనడాలోనో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో ఉండేవాళ్లు గడ్డకట్టే చలిలో మరొకటి చూసుకోవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆయిల్ వేడెక్కక, తేమ బ్రీదర్ పైపులో మంచుగా బిగుసుకుంటుంది. వెచ్చటి గ్యారేజీలో పెట్టి కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రాత్రంతా బయట ఉంచి, స్టార్ట్ చేయకముందే పైపు విప్పి చూడాలి.

మార్చేటప్పుడు పార్ట్ నంబర్ సరిచూసుకోండి. చూపుకు ఒకేలా ఉన్నా స్ప్రింగు బలం ఇంజిన్‌ని బట్టి మారుతుంది. లోహపు వాల్వ్‌ని కార్బ్ క్లీనర్‌తో కడగొచ్చు గానీ డయాఫ్రమ్ మీద కొడితే రబ్బరు ఉబ్బిపోతుంది.