హ్యూస్టన్ గరాజ్‌లో గన్ సేఫ్: గోల్డెన్‌రాడ్, ఈవా-డ్రై కొన్నేళ్లు వాడాక

అమెరికాలో మెక్సికో గల్ఫ్ తీరానికి దగ్గర్లో ఇల్లుండి, గన్ సేఫ్‌ని (తుపాకులు దాచే ఇనుప పెట్టెని) గరాజ్‌లో పెట్టుకున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫీనిక్స్, డెన్వర్ వైపు ఉండేవాళ్లకి ఇందులో పెద్దగా పనికొచ్చేది ఉండదు, అక్కడి గాలే పొడి గాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడి ఉక్కకి కరెంటుతో వేడెక్కే రాడ్డు (గోల్డెన్‌రాడ్) ఒక్కటీ సరిపోదు, తేమ పీల్చే సిలికా డబ్బా (ఈవా-డ్రై) ఒక్కటీ సరిపోదు. రెండూ పెట్టుకోవాలి. వాటికంటే ముందు తేమ కొలిచే మీటరు కొనుక్కోవాలి.

మాది హ్యూస్టన్ పక్కనున్న కేటీ. సేఫ్ 24 ఘనపుటడుగులది, గరాజ్‌లో వెనక గోడ పక్కన కాంక్రీటులోకి బోల్టులు దించి బిగించాం. లోపల జార్జ్ బుష్ పార్కు రేంజ్‌లో స్కీట్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కొట్టే ఆట) ఆడే ఓవర్-అండర్ షాట్‌గన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు బారెళ్లున్నది, జింకల సీజన్‌లో తీసే బోల్ట్ యాక్షన్ రైఫిల్, ఇంకో పాయింట్ 22 తుపాకీ ఉంటాయి. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా, లోడు చేసిన తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి లోడు ఉన్నా లేకపోయినా పని అయిపోగానే అన్నీ సేఫ్‌లోకి వెళ్లిపోతాయి. అంటే చాలా రోజులు తలుపు తీయని ఇనుప పెట్టెలో, చీకట్లో, గాలి ఆడకుండా ఉంటాయి. తుప్పుకి అంతకంటే ఏం కావాలి?

కాకినాడలో పెరిగినవాణ్ణి, ఉక్క నాకు కొత్త కాదు. అయినా హ్యూస్టన్ చలికాలం చేసే పని అక్కడ ఎప్పుడూ చూడలేదు. జనవరిలో ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి రెండు మూడు రోజులు గరాజ్‌ని 45 డిగ్రీల దాకా (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) చల్లబరుస్తుంది. తర్వాత ఒక్క రాత్రిలో గాలి దిశ మారి గల్ఫ్ మీది వెచ్చటి తేమ వచ్చేస్తుంది. గాలి వేడెక్కినంత తొందరగా ఉక్కు వేడెక్కదు. అలాంటి పొద్దున సేఫ్ తెరిచి బారెల్‌ని చూస్తూ నిలబడితే, ముందు నల్లటి మెరుపు మీద పల్చగా ఆవిరి పడుతుంది, కాసేపటికి రెండు బారెళ్ల మధ్య సందులో ఆవగింజంత చుక్కలు కడతాయి. నూనె రాసి ఉన్నా సరే. ఆ చుక్కలు తుడవకుండా తలుపు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గోల్డెన్‌రాడ్ సరిగ్గా ఈ సమస్యకి మందు. నాది 18 అంగుళాలది, 12 వాట్లు. చూడ్డానికి ఓ సన్నటి గొట్టం, రెండు చివర్లా క్లిప్పులు. సేఫ్ అడుగున అడ్డంగా బిగించాలి, వేడి గాలి పైకి లేచి లోపలంతా తిరుగుతుంది. ఈ వస్తువు తయారు చేసినవాళ్లు ఆలోచించి చేశారని నాకు అర్థమైంది ప్లగ్గు చూశాకే. అది ఊడి వస్తుంది. సేఫ్ వెనక ఉండే చిన్న రంధ్రంలోంచి వైరు దూర్చి, బయట మళ్లీ ప్లగ్గు తగిలించుకోవచ్చు, డ్రిల్లు పని లేదు. రాడ్డు వేడెక్కుతుంది కానీ కాలదు, ఓ క్షణం చేత్తో పట్టుకోవచ్చు. అయినా తూటాల డబ్బాలు, ప్లాస్టిక్ కవర్లు దానికి ఆనకుండా పెట్టండి. రాత్రీపగలూ వేసి ఉంచినా నెలకి 9 యూనిట్లు దాటదు.

మొన్న మా బావమరిది వచ్చి చూసి, "బావా, డీహ్యూమిడిఫయర్ (తేమ తీసే యంత్రం) అని రాసుంది, నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని అడిగాడు. ఎక్కడికీ పోవు. అది హీటరే, లోపలి నీటిని తీసేయదు. గాలిని కాస్త వేడి చేస్తే అదే నీటికి తేమ శాతం తగ్గుతుంది, ఉక్కు చుట్టుపక్కల గాలికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి చెమర్చదు. లెక్క వేసి చూడండి: 77 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలిని 82కి వేడి చేస్తే సుమారు 64 అవుతుంది. ఉక్కుకి తుప్పు జోరందుకునేది 60 దాటాకే. అంటే మన జూలైలో రాడ్డు మనల్ని గట్టు దగ్గరి దాకా తెస్తుంది తప్ప గట్టు ఎక్కించదు.

మిగతా పని సిలికాది. నేను వాడేది ఈవా-డ్రై ఈ-333, అరచేతికి కాస్త పెద్దదైన డబ్బా. ముందు చిన్న కిటికీలోంచి గుళికలు కనిపిస్తాయి. నా దగ్గరున్న దాంట్లో పొడిగా ఉన్నప్పుడు నారింజ రంగు, నిండాక ముదురు ఆకుపచ్చ. నిండాక బయటికి తీసి, వెనకున్న పిన్నుల్ని గోడ సాకెట్లో గుచ్చి, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి మళ్లీ నారింజ. ఈ పని మటుకు సేఫ్ బయట, వీలైతే ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న బాత్రూంలో చేయండి. సేఫ్ లోపలే సాకెట్ ఉంది కదా అని అక్కడే గుచ్చితే పీల్చిన నీరంతా మళ్లీ తుపాకుల మీదికే వస్తుంది.

అది 6 ఔన్సుల దాకా, అంటే సుమారు 170 గ్రాముల నీరు పట్టుకుంటుంది. నా సేఫ్ నిండా వేసవి గాలి ఉన్నా అందులో నీటి ఆవిరి పది పదిహేను గ్రాములు ఉంటుంది, అంతే. మరి డబ్బా వేసవిలో నెల తిరక్కుండానే ఎందుకు నిండుతుంది? తలుపు తెరిచినప్పుడల్లా కొత్త గాలి వస్తుంది, తలుపు అంచునుండే గాస్కెట్ పట్టీ సందుల్లోంచి కొంత వస్తుంది. అంతకంటే ఎక్కువగా లోపలి కార్పెట్, చెక్క అరలు, సేఫ్ గోడల్లోని జిప్సం బోర్డు పైనున్న కాగితం తేమని పట్టుకుని మెల్లగా వదులుతుంటాయి. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరే కాబట్టి తుప్పు అక్కణ్ణించే వస్తుందని కొందరంటారు. అది నిజం కాదు. ఆ నీరు జిప్సంతో రసాయనికంగా కలిసిపోయి ఉంటుంది, నిప్పు అంటుకుని బాగా కాలినప్పుడు తప్ప బయటికి రాదు. సేఫ్‌ని మంటల నుంచి కాపాడేది అదే.

రెండూ ఎందుకంటున్నానో 2024లో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు తేలిపోయింది. జూలై 8న తీరం దాటింది, హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకూ పోయింది. రాడ్డు చల్లబడిపోయింది, గరాజ్ ఆవిరి గదిలా తయారైంది. తుఫానుకి ముందు రోజే డబ్బాని ఆరబెట్టి లోపల పెట్టాను, కరెంటు వచ్చేదాకా తలుపు తెరవలేదు. మీటర్లో గరిష్ఠం గుర్తుంచుకునే బటన్ ఉంది, తర్వాత చూస్తే, మీటరు తేడా కలుపుకున్నా 58 శాతమే. ఇప్పుడు తుఫాను వార్త వినగానే నీళ్ల క్యాన్లు నింపుకోవడంతో పాటు ఈ డబ్బానీ సాకెట్లో పెట్టేస్తాను.

మీటరు సంగతి. కొన్నది కొన్నట్టు నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చిలకరించి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి సరిగ్గా 75 చూపించాలి. నా చౌక మీటరు 69 చూపించింది. టేపు ముక్క మీద "+6" అని రాసి దాని వీపుకి అంటించాను, పనికొస్తోంది. లోపల 45 నుంచి 50 మధ్య ఉంటే చాలు. మరీ 35కి దించితే వాల్‌నట్ స్టాక్‌లో (తుపాకీని భుజానికి ఆనించే వెనక భాగంలో) చెక్క కుంచించుకుపోతుంది.

క్లోసెట్లలో వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులు మాత్రం సేఫ్‌లోకి రానివ్వకండి. వానాకాలంలో ఉప్పు జాడీ నీరుకారినట్టు అది మొత్తం నీరైపోతుంది, ఆ ఉప్పునీరు ఒక్క చుక్క ఒలికినా ఉక్కుని తినేస్తుంది. ఫోమ్ ఉన్న కేసులు, తోలు కవర్లు కూడా తేమని పట్టుకుంటాయి, తుపాకీని వాటిలోంచి తీసి ఉత్తిగానే నిలబెట్టాలి. ఎన్ని పరికరాలున్నా చేతి చెమటకి విరుగుడు నూనె గుడ్డే. ముట్టుకున్న ప్రతిసారీ సీఎల్‌పీ (తుపాకుల్ని శుభ్రం చేసి తుప్పు ఆపే నూనె) రాసిన గుడ్డతో ఓసారి తుడిచి పెట్టండి.

గరాజ్‌కే పెద్ద డీహ్యూమిడిఫయర్ పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. రోజూ కారు కోసం ఎత్తే గరాజ్ తలుపు ఊరి గాలినంతా లోపలికి తెస్తుంది, అది కొన్ని వందల వాట్లు తాగుతూ బకెట్లు నింపుతూనే ఉంటుంది. నేనైతే పెట్టను.

సేఫ్ ఇంట్లో, ఏసీ నడిచే గదిలో ఉంటే రాడ్డు అక్కర్లేదు, సిలికా డబ్బా ఒక్కటి చాలు. గరాజ్ అయితే రెండూ కొనండి. పెద్ద సేఫ్‌లకి గోల్డెన్‌రాడ్‌లో 24, 36 అంగుళాలవి కూడా ఉన్నాయి. వైరు దూర్చిన రంధ్రం చుట్టూ ఎలక్ట్రీషియన్లు వాడే డక్ట్ సీల్ ముద్ద నొక్కి మూసేయండి. హోమ్ డిపోలో ఎలక్ట్రికల్ వరసలో దొరుకుతుంది. అది పెట్టాక నా డబ్బా నిండే వేగం బాగా తగ్గింది.