ఒకే బీరు, మూడు సైజుల సీసాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో చేసిన బీరును 330, 500, 750 మి.లీ. సీసాల్లో నింపడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. మొదటి ఏడాదంతా ఒకటే బాధ. ఒకే బకెట్‌లోంచి నింపినా ఒక సీసా మూత తీయగానే నురగ పొంగిపోయేది, ఇంకొకటి చప్పగా ఉండేది. ఈస్ట్ బాగాలేదేమో, మూతలు సరిగా బిగియలేదేమో అనుకున్నాను. అసలు లోపం నేను వాడిన చక్కెర బిళ్ళల్లో ఉంది.

మూత బిగించాక సీసాలో మిగిలిన ఈస్ట్ ఈ చక్కెరను తిని గ్యాస్ పుట్టిస్తుంది. సీసాకొకటి వేసి మూత బిగించే ఆ బిళ్ళలు ఎంతో సులువు, అందుకే చాలాకాలం వదల్లేదు. నావి తూస్తే ఒక్కొక్కటి సుమారు 3 గ్రాములు తూగాయి. బీరులో గ్యాస్‌ను, బీరు పరిమాణానికి ఎన్ని రెట్లు కరిగి ఉందో చూసి లెక్కేస్తారు. 20 డిగ్రీల దగ్గర పులియడం ముగిసిన బీరులో అప్పటికే సుమారు 0.85 రెట్లు ఉంటుంది. ఆపైన లీటరుకు దాదాపు 4 గ్రాముల మామూలు చక్కెర వేస్తే ఇంకో రెట్టు చేరుతుంది. ఈ లెక్కన ఒక్క బిళ్ళతో 500 సీసాలో 2.4 రెట్లు వస్తుంది, చాలా బీర్లకు అది చక్కగా సరిపోతుంది. అదే బిళ్ళ 330 సీసాలో 3.2 దాకా తీసుకెళ్తుంది. 750లో ఒకటి వేస్తే 1.9, రెండు వేస్తే 2.9. కాగితం మీద వేసుకుని చూశాక ఏడాది టెన్షన్ ఒక్కసారిగా తీరిపోయింది.

ఇప్పుడు బిళ్ళలు లేవు. 20 లీటర్లకు 120 గ్రాముల చక్కెర తూచి, కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి ఖాళీ బకెట్‌లో పోస్తాను. దాని మీదికి బీరును ట్యూబ్‌తో మెల్లగా దించి, శుభ్రం చేసిన గరిటెతో బుడగలు రాకుండా కలుపుతాను. ఈ కలపడం తొందరగా ముగిస్తే పాకం అడుగునే ఉండిపోయి మళ్ళీ పాత కథే. సరిగ్గా కలిస్తే ఏ సైజు సీసాలోకైనా దానికి తగినంత చక్కెర దానంతట అదే వెళ్తుంది.

సైజుతో తేడా అసలు లేదని మాత్రం అనను. మెడలో వదిలే ఖాళీ అన్ని సీసాల్లోనూ దాదాపు ఒకటే, కాబట్టి బీరుతో పోలిస్తే చిన్న సీసాలో గాలి వాటా ఎక్కువ. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన కోసం చేసిన బీర్లు నా దగ్గర 330 సీసాల్లోనే ముందు కళ తప్పాయి, వాటిని ముందే తాగేస్తాను. 750తో ఇబ్బంది వేరే. మొదటి గ్లాసు బ్రహ్మాండంగా ఉంటుంది. రెండోది వంచేసరికి అడుగున ఉన్న మడ్డి లేస్తుంది, గ్యాస్ కూడా కొంత పోయి ఉంటుంది. నలుగురు కలిసినప్పుడు అన్ని గ్లాసులూ సీసాను పైకెత్తకుండా ఒకే వంపులో నింపేస్తే ఈ బాధ లేదు.

ఆగాల్సిన రోజుల్లోనూ తేడా చూశాను. 20 నుంచి 22 డిగ్రీల్లో ఉంచితే 330 సీసాలు రెండు వారాలకు సిద్ధమయ్యాయి, 750 మూడు వారాలు తీసుకుంది. నెల తర్వాత పక్కపక్కన పోసి తాగితే తేడా తెలియలేదు. తెరిచే ముందు రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పనిసరి, చల్లదనానికే గ్యాస్ బీరులో బాగా కరుగుతుంది. ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపుతాను. నొక్కితే రాయిలా గట్టిగా ఉందంటే మిగతావీ దారిలో పడ్డట్టే.

రెండో ఏడాది ఒక 750 సీసా రాత్రిపూట పేలింది. అది వైన్ సీసా, లోపలి ఒత్తిడి తట్టుకునే గాజు కాదు. పైగా బీరు పూర్తిగా పులియకముందే నింపేశాను. గదిలో ఎవరూ లేకపోబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపిస్తే తప్ప సీసా ముట్టను. ఒత్తిడి తట్టుకునే మందపాటి 750 సీసాలు తెచ్చుకునేవాళ్లు మూతి కొలత కూడా చూసుకోండి. కొన్నింటికి మామూలు 26 మి.మీ. మూత పట్టదు, 29 కావాలి.

నా వరకు 500 గోధుమరంగు సీసాయే మేలు. ఒక గ్లాసుకు సరిపోతుంది, మడ్డి అడుగునే ఉండిపోతుంది. కొత్తగా కొన్నవన్నీ అవే, 750వి ఆరు మాత్రం ఉంచుకున్నాను.