సర్వర్ నేర్చుకోవడానికి పుస్తకమా, ఆన్‌లైనా?

ఖర్చులో ఆన్‌లైన్‌దే పైచేయి: అపాచీ, ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ల డాక్యుమెంటేషన్ అంతా ఉచితం, పుస్తకం కొనాలి.

శ్రమలో మాత్రం పుస్తకమే నయం. ప్రాసెస్, పోర్ట్, పర్మిషన్, లాగ్ అంటూ ఒక వరసలో తీసుకెళ్తుంది, ఆన్‌లైన్‌లో ఆ వరస మనమే పేర్చుకోవాలి, కొత్తవాళ్లకు అదే పెద్ద టెన్షన్.

రిస్క్ రెండింట్లోనూ ఉంది, రాసింది పాతబడిపోవచ్చు. 2012లో అపాచీ 2.4 వెర్షన్‌తో, అందరినీ సైట్‌లోకి అనుమతించే సెట్టింగ్ "అలౌ ఫ్రమ్ ఆల్" స్థానంలో "రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్" వచ్చింది. పాత పద్ధతిలో రాస్తే 403 ఎర్రర్ (అనుమతి లేదని) రావచ్చు. పుస్తకంపై అచ్చయిన సంవత్సరమైనా కనిపిస్తుంది, తేదీ లేని ట్యుటోరియల్‌లో అదీ ఉండదు.

పునాది లేనివాళ్లకు నేనైతే పుస్తకమే చెప్తాను. సర్వర్ ఇప్పుడే ఆగిపోయిందా? ఎర్రర్ లాగ్ (సర్వర్ తన తప్పులు రాసుకునే ఫైల్) చివరి లైన్ చదివి, మీ వెర్షన్ అధికారిక డాక్యుమెంటేషన్ తెరవండి.